సరదాకు మందుచీటీ రాయవచ్చునా?

"మా ఆయనకు నిద్ర పట్టడం లేదు డాక్టరుగారూ" అంటూ ఒక ఇల్లాలు భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుడు. వయసు నలభై నాలుగు. రక్తపోటు చూస్తే 150/96 ఉంది. మూడు షిఫ్టులు మారుతూ పని చేసే మనిషికి నిద్ర పట్టకపోవడం వింత కాదు. ఐతే, ఫోను మోగి ఆమె బయటికి వెళ్ళగానే ఆయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"సార్, మీరొక మాట చెప్పుండ్రి. మీరు చెప్తె మా ఇంటామె వింటది. ఫోటోలు తీసుడు నా ఆరోగ్యానికి మంచిదని చెప్పుండ్రి."

సంగతి మెల్లగా బయటపడింది. ఆయనకు పిట్టల ఫోటోలు తీయడమంటే ప్రాణం. సెలవు దొరికితే ఎల్లంపల్లి నీటి ఒడ్డున కొంగల కోసం, లకుముకి పిట్టల కోసం కాచుకుని కూర్చుంటాడు. లాభాల వాటా డబ్బు చేతికి రాగానే ఒక పెద్ద లెన్సు కొన్నాడు. దాని ఖరీదు 85 వేలు. ఇంట్లో చెప్పింది 25 వేలు. మిగతా 60 వేలు ఒక స్నేహితుడికి చేబదులు ఇచ్చానన్నాడు. ఆ స్నేహితుడు ఎప్పుడు తీరుస్తాడని భార్య వారం వారం అడుగుతూంది. ఈయనకు నిద్ర పట్టడం లేదు!

నా మందుచీటీ మీద ఆ లెన్సును కూడా రాసి ఇవ్వమని ఆయన కోరిక. నేను రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పడానికే ఈ వ్యాసం. ఎందుకంటే ఈ చిక్కు ఆయన ఒక్కడిది కాదు. కెమెరా కావచ్చు, మోటారు సైకిలు కావచ్చు, కీబోర్డు కావచ్చు, పావురాలు కావచ్చు. "ఇంత డబ్బు దీనికా?" అనే ప్రశ్న చాలా ఇళ్ళలో వినబడేదే.

సరదా మంచిదేనా?

మంచిదే. ఇందులో సందేహం లేదు. 2023లో ‘నేచర్ మెడిసిన్’ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. 16 దేశాలలో 65 ఏళ్ళు, ఆపై వయసున్న 93 వేల మందికి పైగా వృద్ధుల వివరాలు పరిశీలించారు. ఏదో ఒక సరదా వ్యాపకం ఉన్నవారిలో దిగులు లక్షణాలు తక్కువగానూ, సంతోషమూ, జీవితంపట్ల తృప్తీ ఎక్కువగానూ కనిపించాయి. ఆ వ్యాపకం వల్లనే అంతా జరిగిందని దీనితో తేల్చి చెప్పలేము. ఆరోగ్యంగా ఉన్నవారే సరదాలు పెట్టుకోగలరని కూడా అనవచ్చు. ఐనా చాలా దేశాలలో ఒకే ధోరణి కనిపించడం గమనించదగ్గదే.

భూమి లోపల పని చేసే మనిషికి సరదా అవసరం మరింత ఉంది. ఎనిమిది గంటలు చీకటిలో, చప్పుడులో, దుమ్ములో గడుపుతాడు. వారం వారం షిఫ్టు మారితే ఒంట్లోని గడియారం తికమక పడుతుంది. అలాంటివాడు వెలుతురులో నాలుగడుగులు నడిచి, చెట్టునూ పిట్టనూ చూసి వస్తే మనసుకూ మంచిదే, ఒంటికీ మంచిదే. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కెమెరా భుజాన వేసుకుని ఏటి ఒడ్డున చురుకుగా నడిచిన నడక కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

మరి మందుచీటీ ఎందుకు రాయలేదు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. పైన చెప్పిన పరిశోధనలో "మీకు సరదా వ్యాపకం ఉందా, లేదా?" అన్నదే చూశారు. దాని మీద ఎంత ఖర్చు పెట్టారని కాదు. మేలు చేసేది నడక, వెలుతురు, ఏకాగ్రత, నలుగురు స్నేహితులు. లెన్సు ఖరీదు కాదు. 85 వేల లెన్సుతో నడిచినా, పాత కెమెరాతో నడిచినా కాళ్ళకు కలిగే మేలు ఒక్కటే.

కనుక ఆరోగ్యం పేరు చెప్పి భార్యను అడగవలసింది సమయాన్ని మాత్రమే. "వారానికి మూడు గంటలు నాకు కావాలి" అంటే అది న్యాయమైన కోరిక, డాక్టరు కూడా వంత పాడవచ్చు. "85 వేలు కావాలి" అంటే అది వైద్యశాస్త్రం తేల్చేది కాదు. అది ఇంటి లెక్క. దాన్ని ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. ఇంటి లెక్కలో గెలవడానికి డాక్టరును సాక్షిగా పిలవకూడదు.

నిద్రను చెడగొట్టేది ఏది?

ఆ సోదరుడి నిద్ర చెడింది లెన్సు వల్ల కాదు, దాచడం వల్ల అని నా అనుమానం. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్లేపియన్ బృందం రహస్యాల మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. ఎదుటివారి ముందు మాట దాచవలసి వచ్చే సందర్భాలు నిజానికి తక్కువే. ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదే పదే ఆ రహస్యం దగ్గరికే పోతూండడం ఎక్కువ. అలా ఎంత ఎక్కువగా పోతే మనిషి స్థిమితం అంత తక్కువగా ఉందని వారు గమనించారు. నైటు షిఫ్టు దిగి వచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పగలు పడుకునేవాడికి అసలే నిద్ర పలచన. దానికి తోడు "ఆమె స్నేహితుణ్ణి అడిగేస్తుందేమో" అనే దిగులు కూడా పక్కలో చేరితే ఇక నిద్ర ఎక్కడిది?

ఇల్లాలి వైపు నుంచి

భర్త సరదాకు భార్య అడ్డు చెప్పినప్పుడల్లా "ఆమెకు తెలియదు" అనేయడం సులువు. ఆమెకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. ఫస్టు షిఫ్టుకు క్యారియరు కట్టడానికి తెల్లవారక ముందే లేచేది ఆమె. ఆయన పగలు పడుకుంటే పిల్లల నోరు మూయించేది ఆమె. 2024లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవారు వాటికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, చేసే మగవారు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ తేలింది. అంటే ఆమె కోపం డబ్బు గురించే కాకపోవచ్చు. "నీకు మూడు గంటల తీరిక ఉంది, నాకేదీ?" అన్నది అసలు మాట కావచ్చు. సరదా ఆరోగ్యానికి మంచిదన్న మాట నిజమైతే, అది ఆమె ఆరోగ్యానికీ మంచిదే కదా!

ఈ మాట తిరగేసి కూడా చదువుకోవాలి. ఖరీదైన సరదా భార్యదీ కావచ్చు. కుట్టు మిషను, వీణ, పూలతోట, దేనికైనా ఇదే న్యాయం.

ఇంట్లో ఎలా చెప్పాలి?

1. ముందు అసలు ధర చెప్పండి. బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టండి. కొన్న తరువాత చెప్పేకంటే కొనక ముందు చెప్పడం తేలిక. నైటు షిఫ్టు దిగిన ఉదయం ఈ మాట ఎత్తకండి. ఇద్దరికీ నిద్ర చాలిన రోజు, తిండి తిన్న తరువాత మాట్లాడండి.

2. గంటల లెక్క వేయండి. 60 వేల కెమెరాను వారానికి 3 గంటల చొప్పున అయిదేళ్ళు వాడితే 780 గంటలు. గంటకు సుమారు 77 రూపాయలు పడింది. అదే కెమెరాను పదిసార్లు వాడి బీరువాలో పెడితే ఒక్కోసారికి 6 వేలు పడినట్లు! ఈ లెక్క వేసేటప్పుడు గత ఏడాది నిజంగా ఎన్నిసార్లు వెళ్ళారో చూసుకోండి. వెళ్ళబోయే రోజులు కాదు, వెళ్ళిన రోజులు లెక్కించండి.

3. మొదట పాతది కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి. మూడు నెలలు విడవకుండా వాడితే అప్పుడు కొత్తదాని మాట ఎత్తవచ్చు.

4. వరుస తప్పించకండి. అప్పు వాయిదాలు, పిల్లల ఫీజులు, ఆపదకు దాచుకునే డబ్బు, ఆ తరువాతే సరదా. వడ్డీకి తెచ్చి సరదా తీర్చుకుంటే ఆ సరదా రక్తపోటుకు మందు కాదు, దానికి కారణమవుతుంది.

5. లాభాల వాటా ఊరికే వచ్చిన డబ్బు అనుకోకండి. 2024లో సింగరేణి కార్మికులకు 796 కోట్ల రూపాయలు వాటాగా ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు. దసరా ముందు ఇంత డబ్బు ఒక్కసారిగా చేతికి వస్తే ఆశలన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆ డబ్బు రాకముందే కాగితం మీద పంచుకోండి.

6. ఇద్దరికీ చెరొక మొత్తం పెట్టుకోండి. చిన్నదైనా సరే, సమానంగా ఉండాలి. దానికి ఒకరికొకరు లెక్క చెప్పనక్కరలేదు. "సిగరెట్లు మానేశాను, ఆ డబ్బుతో కొంటాను" అనే వాదం ఒకటి ఉంది. మానడం మెచ్చుకోదగ్గదే. రోజుకు 100 రూపాయలు మిగిలితే ఏడాదికి 36,500. ఐతే ఇంతకాలం ఇంటి డబ్బే పొగ అయిపోయింది కనుక, మిగిలినదానిలో ఇంటికీ వాటా ఉంది.

7. డబ్బుతో పాటు సమయం కూడా అడగండి. మీరు ఆదివారం ఉదయం వెళితే, సాయంత్రం వంటా పిల్లలూ మీవి. ఆ పూట ఆమెది.

ఏ సరదా ఎవరికి పడదు?

ధర కుదిరినంత మాత్రాన చాలదు. ఒంటికి కూడా కుదరాలి.

పావురాలు: వీటి రెట్టలు, ఈకల దుమ్ము కొందరికి ఊపిరితిత్తుల వాపు తెస్తాయి. బొగ్గు దుమ్ములో ఏళ్ళ తరబడి పని చేసినవారు, దగ్గు ఆయాసం ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. వడ్రంగం పనిలో లేచే రంపపు పొట్టుకూ ఇదే జాగ్రత్త.

పెద్ద స్పీకర్లు, హెడ్‌ఫోన్లు: బావిలో యంత్రాల చప్పుడుకు చెవులు ముందే అలిసి ఉంటాయి. ఇంటికి వచ్చి మళ్ళీ హోరు పెడితే వినికిడి దెబ్బ తింటుంది. అలా పోయిన వినికిడి తిరిగి రాదు.

మోటారు సైకిలు యాత్రలు: నైటు షిఫ్టు దిగి అటునుంచి అటే బయలుదేరకండి. నిద్రమత్తు తాగిన మత్తుకు తీసిపోదు. పిట్టల ఫోటోలకు వెళ్ళేవారికీ ఇదే మాట. ఉదయపు ఎండ పడితే పగటి నిద్ర దూరమవుతుంది. ముందు ఇంటికి వెళ్ళి పడుకోండి. సాయంత్రం కూడా పిట్టలు ఉంటాయి.

వ్యాయామశాల: మంచిదే. కండల కోసం ఎవరో ఇచ్చే ఇంజక్షన్లు, పేరు తెలియని పొడులు మాత్రం వద్దు.

సరదా కాదు, జబ్బు!

ఒక గీత గీయాలి. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి మళ్ళీ డబ్బు పెట్టడం, అబద్ధాలు పెరగడం, అప్పులు చేయడం, మానమంటే చిరాకు, షిఫ్టులు ఎగ్గొట్టడం కనబడితే అది సరదా కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ ఈ కోవలోదే. తెలంగాణలో 2017లోనే చట్టం దీన్ని నిషేధించింది. జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. దీనికి తిట్లు మందు కావు, చికిత్స కావాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరికి ఏమైంది?

ఒక్కసారి చూసిన అంకెతో రక్తపోటు జబ్బు ఉందని నిర్ణయించకూడదు. అందుకని ఆ సోదరుడికి ఉప్పు తగ్గించమనీ, పగటి నిద్ర గది చీకటిగా ఉంచుకోమనీ, రెండు వారాల తరువాత మళ్ళీ రమ్మనీ చెప్పాను. "ఇంకొక మందు ఉంది, అది ఇంట్లోనే దొరుకుతుంది. నిజం చెప్పడం" అన్నాను. ఆయన తల వంచుకుని వెళ్ళాడు.

మళ్ళీ ఇద్దరూ కలిసే వచ్చారు. రక్తపోటు 138/88. నిజం చెప్పినందుకే తగ్గిందని నేననను, ఉప్పు కూడా తగ్గింది. ఇంట్లో నాలుగు రోజులు మాటలు లేవట. అయిదో రోజు ఆమె కాగితం, పెన్ను తెచ్చి కూర్చుంది. లెన్సు ఉండవచ్చు. వచ్చే ఏడాది వాటాలో 60 వేలు ముందు పిల్లవాడి చదువు ఖాతాలో పడాలి. నెలకు రెండు ఆదివారాలు వంట ఆయనది. ఇవీ షరతులు.

"అంత డబ్బు పోయినందుకు బాధ లేదా అమ్మా?" అని అడిగాను.

"ఎనభై అయిదు వేలకు కాదు సార్. నాతోని ఇరవై అయిదని చెప్పిండు, గందుకు" అంది ఆమె.

ఆయన ఏమీ అనలేదు. సంచిలోంచి ఒక ఫోటో తీసి నా బల్ల మీద పెట్టాడు. నీళ్ళ మీద వాలబోతున్న లకుముకి పిట్ట. బాగుంది. ఆమె కూడా దాన్ని నా వైపు సరిగ్గా తిప్పి పెట్టింది.