అవయవాల కేటాయింపు (జీవన్‌దాన్)

అవయవాల కేటాయింపు అనగా మరణానంతరం దానముగా లభించిన మూత్రపిండాలు, కాలేయం, గుండె మొదలైన అవయవాలను, వాటికొరకు వేచియున్న రోగులలో ఎవరికి అమర్చవలెనో నిర్ణయించే విధానం. తెలుగు రాష్ట్రాలలో ఈ బాధ్యతను జీవన్‌దాన్ పథకాలు నిర్వహిస్తున్నాయి. అవసరమున్నవారి కంటే లభించే అవయవాలు చాలా తక్కువ కనుక, ఒకరికి ఇచ్చినపుడు మరొకరు ఇంకా వేచియుండవలసి వస్తుంది.

చరిత్ర

భారత పార్లమెంటు 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టాన్ని చేసింది. ఇది మెదడు మరణాన్ని మరణముగా గుర్తించి, అవయవాల క్రయవిక్రయాలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 1995లో ప్రత్యేక చట్టం చేసుకున్నది. ఉమ్మడి రాష్ట్రంలో జీవన్‌దాన్ 2013లో హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా పనిచేయనారంభించింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత రెండు రాష్ట్రాలకు వేర్వేరు వ్యవస్థలు ఏర్పడ్డాయి.

విధానం

నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి మెదడు మరణాన్ని ధ్రువీకరిస్తుంది. కుటుంబసభ్యులు అంగీకరించిన పిదప, రక్తవర్గం సరిపోయిన రోగులను నిరీక్షణ జాబితా నుండి గుర్తిస్తారు. దాత మరణించిన ఆసుపత్రిలో అవయవ మార్పిడి సౌకర్యం ఉన్నచో కొన్ని అవయవాలపై దానికి ప్రాధాన్యం ఉంటుంది. మిగిలినవి ఉమ్మడి జాబితాలోని రోగులకు చేరుతాయి. దాతలను గుర్తించేందుకు ఆసుపత్రులను ప్రోత్సహించుట ఈ ప్రాధాన్యం ఉద్దేశం. అయితే దీనివలన ఇతర ఆసుపత్రులలో ఎక్కువ కాలంగా వేచియున్న రోగి వెనుకబడే అవకాశం ఉన్నది.

న్యాయం, సమర్థత

మూత్రపిండాల విషయంలో డయాలసిస్ మీద గడిపిన కాలానికి ప్రాముఖ్యత ఇస్తారు. కాలేయానికి డయాలసిస్ వంటి ప్రత్యామ్నాయం లేనందున వ్యాధి తీవ్రతను ముఖ్యంగా చూస్తారు. మిక్కిలి జబ్బుపడినవారికి ముందుగా ఇచ్చుట న్యాయమనిపించినా, వారు శస్త్రచికిత్సకు తట్టుకోలేకపోతే అవయవం వృథా అవుతుంది. కాలపరిమితి కూడా ముఖ్యమే. శరీరం నుండి తీసిన గుండెను సుమారు 4 గంటలలో, కాలేయాన్ని సుమారు 12 గంటలలో అమర్చవలెను. మూత్రపిండం దాదాపు ఒక రోజు నిలువ ఉంటుంది.

మారుమూల ప్రాంతాల సమస్య

జాబితాలో పేరు నమోదు అవయవ మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది. కృష్ణా జిల్లా, కోడూరు మండలంలోని సముద్రతీర గ్రామమైన పాలకాయతిప్ప నుండి ఒక రోగి ఇందుకొరకు అవనిగడ్డ మీదుగా విజయవాడ ప్రాంతానికి వెళ్ళవలెను. పరీక్షలకు పలుమార్లు తిరగవలెను. అవయవం లభించినట్లు కబురు వచ్చినపుడు, అర్ధరాత్రియైనా, కొన్ని గంటలలోనే ఆసుపత్రి చేరవలెను. శస్త్రచికిత్స తరువాత జీవితాంతం మందులు వాడవలెను. జాబితాలోని క్రమం నిష్పాక్షికమైనదైనా, అందులో చేరలేకపోయిన రోగికి దానివలన ప్రయోజనం ఉండదు. 2023లో కేంద్ర ప్రభుత్వం నమోదుకు స్థానిక నివాస నిబంధనను, 65 సంవత్సరాల వయోపరిమితిని తొలగించవలెనని నిర్ణయించింది. ప్రయాణ దూరం, ఖర్చుల సమస్య ఈ మార్పులతో తీరలేదు.