గుడారంలో పసిబిడ్డ: చలి నేల నుంచే ఎక్కువ

ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం దేవమాలి. ఎత్తు 1,672 మీటర్లు. కోరాపుట్, జయపురం, రాయగడ ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు శీతకాలంలో ఆ కొండపై గుడారం వేసుకొని సూర్యోదయం చూడాలన్న ముచ్చట కలగడం సహజమే. వినోదం కోసం కాక బ్రతుకు తెరువు కోసం ఆరుబయట రాత్రులు గడిపేవారూ సరిహద్దు గ్రామాలలో కొల్లలు. కళ్లం కాపలా, చెరకు నరుకుడు, ఇటుక బట్టీ, ఇవన్నీ చలికాలపు పనులే. తల్లి ఎక్కడ ఉంటే చంటిబిడ్డ అక్కడే గదా!

ఇట్టి రాత్రులలో పెద్దలు సాధారణంగా చేసే పొరపాటు ఒకటున్నది. ఉన్న దుప్పట్లన్నీ బిడ్డ మీద కప్పి, కింద మాత్రం ఒక పలుచని చాప పరచి ఊరుకుంటారు. రాత్రివేళ చల్లబడిన నేల ఒంటి వేడిని నిరంతరం లాగివేస్తుంది. ఒంటి బరువు కింద నలిగిన బట్టలో గాలి నిలువదు గనుక, వెన్నుకింది దుప్పటి పైదుప్పటి వలె కాపాడదు. కాబట్టి ముందు టార్పాలిన్, దానిపై జానెడు మందాన ఎండు వరిగడ్డి, ఆపైన గొంగడి, చివరకు శుభ్రమైన నూలుబట్ట బిగించి పరచాలి. బిడ్డ దిగబడే మెత్తదనం పనికిరాదు. కన్నడనాట కంబళి అని పిలిచే ఈ గొంగడిని గొర్రెలకాపరులు ఊరకనే భుజాన వేసుకోలేదు. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. నూలు అట్లు కాదు. అయితే గరుకుదనం వలన పసి చర్మానికి నేరుగా తగలరాదు.

స్థలం ఎన్నికలోనూ జాగ్రత్త అవసరం. గాలి లేని తేటరాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. వాగు ఒడ్డు, లోయ అడుగు పగలు ఎంత సుందరంగా కనిపించినా రాత్రికి తగవు. కొంచెం మెరక, గాలికి చాటు ఉన్న చోటు మేలు.

బిడ్డ శరీరం ఇంత త్వరగా ఎందుకు చల్లబడుతుంది? బరువుతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం పెద్దవారికన్నా ఎక్కువ. తల ఒక్కటే ఒంటిలో పెద్ద భాగం. పైగా పెద్దలవలె వణికి వేడి పుట్టించుకోవడం నవజాత శిశువుకు చేతకాదు. మెడ, భుజాల నడుమ ఉండే గోధుమవర్ణపు కొవ్వును కరిగించుకొని వెచ్చబడాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ కొవ్వూ తక్కువే. కాబట్టి నెల నిండని బిడ్డను, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను చలిరాత్రి ఆరుబయటకు తీసుకొనిపోకుండుటే ఉత్తమం. తప్పనివారు రాత్రి పాలు మానిపించరాదు. వేడికి కావలసిన ఇంధనం ఆ పాలే.

తడి మరొక శత్రువు. పడుకోబెట్టేముందు చెమట పట్టిన లోబట్టలు మార్చాలి. తడిసిన గుడ్డను వెంటనే తీసివేయాలి. స్నానం ఎండపొద్దునే ముగించాలి. పెద్దలు తొడిగినదానికన్నా ఒక పొర ఎక్కువ చాలును. ఏడాదిలోపు బిడ్డపై విడిదుప్పటి కప్పితే ముఖంమీదికి జరిగి ఊపిరాడకపోవచ్చు. పాత రగ్గును కాళ్లవైపు సంచివలె కుట్టి, మెడ, చేతులు బయట ఉండేటట్లు తొడగడం క్షేమం. వెల్లకిలా పడుకోబెట్టాలి. పెద్దల బరువైన బొంతలోకి లాగుకోరాదు. మద్యం సేవించినవారు, పొగత్రాగేవారు బిడ్డ పక్కన నిద్రించనే కూడదు. అతిగా కప్పడమూ అపాయమే. మెడవెనుక చెమట తగిలితే ఒక పొర తగ్గించాలి.

అన్నిటికన్నా భయంకరమైనది కుంపటి. గుడారం తలుపు మూసి, లోపల నిప్పులు పెట్టుకొని నిద్రించడం మృత్యువును పిలిచి పక్కలో పడుకోబెట్టుకోవడమే. పొగ కనిపించని ఎర్రని బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెద్దలు తలనొప్పి, వికారం అనుకొనేలోపే వేగంగా ఊపిరి తీసే పసివారికి ప్రమాదం ముంచుకొస్తుంది. గ్యాసు పొయ్యి, పెట్రోమాక్స్ దీపం, సాంబ్రాణి ధూపం కూడా లోపలికి తేరాదు. చలిమంట బయట వేసుకొని, అందరూ వెచ్చబడి, ఆర్పి లోపలికి రావాలి. పక్క వెచ్చగా ఉండాలంటే వేడినీటి సీసాను కొంతసేపు పక్కలో ఉంచి, బిడ్డను పడుకోబెట్టేముందు తీసివేయవచ్చును.

బిడ్డకు చలిగా ఉన్నదో లేదో తెలుసుకొనుటకు థర్మామీటరు లేకున్నా ఒక ఉపాయమున్నది. అరికాలిని, పొట్టను చేతి వెనుకభాగంతో తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే నిశ్చింత. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి పట్టనారంభించినట్లే. రెండూ చల్లబడితే అపాయం. థర్మామీటరు ఉన్నచో, చంకలో 36.5 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గరాదు. తూగుతూ ఉండడం, పాలు పట్టకపోవడం, ఏడుపు నీరసించడం ప్రమాద చిహ్నాలు. చలికి బిగుసుకున్న బిడ్డ నెమ్మదిగా పడుకుంటే ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అని పెద్దలు పొరబడడం కద్దు.

అట్టి స్థితిలో తడిబట్టలు విప్పి, బిడ్డను తల్లి రొమ్ముల నడుమ ఒంటికి ఒళ్లు ఆనునట్లు పెట్టుకొని, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి చుట్టాలి. ముఖం తెరచి ఉండాలి, తల్లి మేలుకొని ఉండాలి. తల్లికి వీలుకాకుంటే తండ్రి, అమ్మమ్మ ఎవరైనా సరే. 1970ల చివరలో కొలంబియా దేశపు బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో వైద్యులు ప్రారంభించిన పద్ధతి ఇదే. కంగారూ పద్ధతి అని నేడు లోకమంతా పిలుస్తున్నది. నిప్పు దగ్గర కాచడం, వేడినీటిలో ముంచడం తగదు.

బిడ్డ వెచ్చబడినా, పాలు త్రాగకుంటే తెల్లవారేదాకా ఆగరాదు. అట్లే ఒంటికి ఆనించుకొని ఆసుపత్రికి బయలుదేరాలి. 108 అంబులెన్సు ఆంధ్ర, తెలంగాణలతోపాటు ఒడిశా, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలలోనూ ఉన్నది. సరిహద్దులో ఫోను పక్క రాష్ట్రపు టవరుకు తగిలి పిలుపు అటు పోవచ్చు గనుక, మొదటి మాటలోనే రాష్ట్రం, జిల్లా, ఊరి పేర్లు చెప్పాలి. గుడారం వేసేముందే ఫోను ఎక్కడ పలుకుతున్నదో చూసి పెట్టుకొనుట మంచిది.