పాలలో పొటాషియం – న్యూట్రాన్ల లెక్క

ఈ మధ్య కోస్తా సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు, సాయంత్రం పాలు పోసే వేళ ఒక సభ్యురాలు నన్నడిగింది: "సార్, పాలల్లో రేడియేషన్ ఉంటాదంట గదా! మా పిల్లోడు ఫోన్లో చూసి చెప్పాడు. బిడ్డకి పాలు తాపొచ్చా?" వరుసలో ఉన్నవారంతా చెంబులు పట్టుకొని ఆగిపోయారు. మూడేళ్ల బిడ్డకు వారం రోజులుగా పాలు మాన్పించారని అప్పుడు తెలిసింది. నేను చదివినది సహకార డిప్లొమా. సైన్సు పండితుణ్ణి కాను. అయినా ఇది తీసివేత లెక్క వచ్చిన వారందరికీ బోధపడే సంగతి. కనుక అక్కడ చెప్పినదే సభ్యులందరి కోసం రాస్తున్నాను.

ప్రతి పరమాణువు నడుమ ఒక కేంద్రకం ఉంటుంది. అందులో ఉండేవి ప్రోటాన్లు, న్యూట్రాన్లు. మూలకానికి పేరు పెట్టేది ప్రోటాన్ల సంఖ్య. 19 ప్రోటాన్లు ఉంటే అది పొటాషియమే. న్యూట్రాన్ల సంఖ్య మాత్రం ఒకే మూలకంలో కూడా తేడాగా ఉండవచ్చు. అలాంటి రకాలనే ఐసోటోపులు అంటారు.

న్యూట్రాన్లను లెక్కించడం ఎలా? పాలతో ఉన్న క్యాను తూచి, ఖాళీ క్యాను బరువు తీసివేస్తే పాల బరువు తెలుస్తుంది గదా! ఇదీ అంతే. పేరు పక్కన రాసే అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసిన మొత్తం. అందులోనుంచి ప్రోటాన్లు తీసివేస్తే మిగిలేవి న్యూట్రాన్లు. పొటాషియం-39లో 20, పొటాషియం-40లో 21, పొటాషియం-41లో 22.

ఈ మూడింటిలో రేడియోధార్మికత గలది పొటాషియం-40 ఒక్కటే. పదివేల పొటాషియం పరమాణువులలో అది ఇంచుమించు ఒకటి. దానిలో సగం తరిగిపోవడానికి సుమారు 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. భూమి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకంలో ఉన్నది, అరటిపండులో ఉన్నది, మన ఒంట్లోనూ ఉన్నది. లీటరు పాలలో పొటాషియం ఒకటిన్నర గ్రాము వరకు ఉంటుంది. శరీరం తనకు కావలసినంత పొటాషియం ఉంచుకొని, మిగిలినది మూత్రంలో వదిలేస్తుంది. కనుక పాలు మానినంత మాత్రాన ఒంట్లోని పొటాషియం-40 తగ్గదు. బిడ్డకు బలం మాత్రం తగ్గుతుంది.

అయితే భయపడవలసిన ఐసోటోపులు లేవా? ఉన్నాయి. ఇస్కపల్లి వంటి చోట్ల పండే ఉప్పులో కలిపే అయోడిన్ సంగతి చూడండి. దాని ప్రోటాన్లు 53. ఉప్పులోనిది అయోడిన్-127, న్యూట్రాన్లు 74, మనకు అవసరమైనది. అణు రియాక్టరులో పుట్టేది అయోడిన్-131, న్యూట్రాన్లు 78, ప్రమాదకరమైనది. మెడలోని థైరాయిడ్ గ్రంథికి ఈ తేడా తెలియదు, రెండింటినీ పట్టి ఉంచుకుంటుంది. 1957లో ఇంగ్లండులోని విండ్‌స్కేల్ అణు కేంద్రంలో మంటలు లేచినప్పుడు ఈ అయోడిన్ గడ్డి మీద పడి, ఆవులు మేసి, పాలలోకి వచ్చింది. సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోశారు.

అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. 80 రోజులకు వెయ్యోవంతు మిగులుతుంది. అందుచేత ఆ పాలను పొడిగా చేసి నిలవ ఉంచితే దాని బెడద తీరుతుంది. కాని సీజియం-137 (ప్రోటాన్లు 55, న్యూట్రాన్లు 82) సగం కావడానికి 30 సంవత్సరాలు పడుతుంది; నిలవ ఉంచి లాభం లేదు. కాచినా, తోడుపెట్టినా న్యూట్రాన్ల సంఖ్య మారదు.

1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తరువాత, ఐర్లండు నుంచి బొంబాయికి వచ్చిన వెన్నపై ఇలాంటి అనుమానమే వచ్చి వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నిపుణుల సంఘం పరిశీలించి, హాని లేదని చెప్పిన మీదట 1988లో అది పరిష్కారమైంది. వదంతిని నమ్మనూ లేదు, కొట్టివేయనూ లేదు, కొలిచి చూశారు.

సంఘ కార్యదర్శులు కూడా అదే పద్ధతి పాటించాలి. ఎవరైనా ఇటువంటి మాట తెస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఏ మూలకం? పక్కన ఏ అంకె? ఎంత ఉన్నది? పాలు అన్న పేరు చూసి మనం ధర కట్టడం లేదు, వెన్నశాతం చూసి కడుతున్నాం. ఇక్కడా పేరు ఒక్కటే చాలదు.

ఆ బిడ్డకు మళ్లీ పాలు ఇస్తున్నారని కార్యదర్శి తెలియజేశారు. మన పాలకు నిత్యం ఉండే ముప్పు పొటాషియం-40 కాదు, సరిగా కడగని బిందె. ముందు దాని సంగతి చూసుకుందాం.