పుంజు కూతకు మూలమెక్కడ?

వృషణములు తీసివేసిన కోడిపుంజు కూత మానునని, పోట్లాట మరచునని, దాని తలమీది ఎర్రని జుట్టు కుదించుకొనిపోవునని కోళ్లు పెంచువారు తరతరములుగా ఎరుగుదురు. అయితే పొట్టలో వెన్నునంటియుండు ఆ చిన్న అవయవమునకును గొంతులోని కూతకును సంబంధమేమి?

1849లో జర్మనీదేశమున గోటింగెన్ నగరమునందు బెర్తోల్డ్ అను ప్రొఫెసరు ఆరు పడుచుపుంజులతో ఈ ప్రశ్నను పరీక్షించెను. రెండింటికి వృషణములు పూర్తిగా తొలగించెను. తక్కిన నాలుగింటిలో వృషణమును స్వస్థానమునుండి వేరుచేసి ప్రేగుల నడుమ నుంచెను. మొదటి రెండును కూతలేని పిరికి పక్షులైనవి. ఆ నాలుగో, వేళకు కూసినవి, కాలుదువ్వినవి, పెట్టల వెంటబడినవి. తరువాత కోసి చూడగా, ప్రేగులకంటుకొన్న వృషణమునకు పాత నరములతో పొత్తేమియు లేదు. క్రొత్త రక్తనాళములు మాత్రము అల్లుకొనియున్నవి. కావున సందేశము నరములగుండ గాక నెత్తుటిగుండ పోవుచున్నదని ఆయన నిర్ణయించెను. హార్మోను అను పేరు పుట్టినది 1905లో. టెస్టోస్టెరాను వేరుపరుపబడి ఆ పేరు దాల్చినది 1935లో. పేరైనను లేని వస్తువు జాడను పట్టి యిచ్చిన ఆ వ్యాసము నాలుగే పుటలు! నేటి లావుపాటి సిద్ధాంతగ్రంథముల నడుమ దానిని తలచుకొనుట మంచిది.

నెత్తురు శరీరమంతటను పారును. మరి దాని సందేశమును చదువుకొనునది ఏది? ముఖ్యముగా మెదడు. అందు కొన్ని తావులలోని కణములకే ఈ హార్మోనును పట్టుకొను గ్రాహకములున్నవి. పట్టుకొన్న కణములో కొన్ని జన్యువులు మేల్కొనును, కొన్ని అణగును. గ్రాహకము లేని కణము ప్రక్కనుండి అదే నెత్తురు పోయినను దానికి చీమకుట్టినట్లైన నుండదు.

1976లో అమెరికాలో నాటబోమ్, ఆర్థర్ ఆర్నాల్డ్ అనువారు కెనరీ, జీబ్రాఫించి అను పిట్టల మెదళ్లను కొలిచి, పాటను నడుపు కేంద్రములు ఆడపిట్టలకంటె మగపిట్టలలో మిక్కిలి పెద్దవని చూపిరి. (మన కవులు కోకిలమ్మ యని ఎంత మురిసినను, వసంతమున కుహూ యని పిలుచునది నల్లని మగకోకిలయే గదా!) పెరిగిన ఆడకెనరీకి టెస్టోస్టెరానిచ్చిన పాట నందుకొనును. ఆడ జీబ్రాఫించికి ఎంత యిచ్చినను నోరు విప్పదు. అయితే 1980లో గర్నీ, కొనిషి అనువారు గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన ఆడపిల్లలకు ఎస్ట్రడయోలు నిచ్చిరి. పాటకేంద్రములు మగవానివలె పెరిగినవి. పెద్దయైన తరువాత పురుషహార్మోను నీయగా అవి పాడినవి. ఎస్ట్రడయోలును లోకము స్త్రీహార్మోనని పిలుచుచున్నది! మగజంతువు మెదడే టెస్టోస్టెరానులో కొంత భాగమును ఎస్ట్రడయోలుగ మార్చుకొనుచుండగా, ఈ స్త్రీపురుష నామకరణము తొందరపాటే యనవలెను.

ఇంతటితో సర్వము హార్మోను మహిమయే యని తేల్చుటకు వీలులేదు. 2003లో ఆర్నాల్డు బృందము ఒక వింత జీబ్రాఫించిని వర్ణించినది. దాని కుడిసగము మగది, ఎడమసగము ఆడది, అర్ధనారీశ్వరమే యనుకొనవచ్చును. మెదడు రెండు సగములలోను పారినది ఒకే నెత్తురు. అయినను పాటకేంద్రము కుడివైపుననే పెద్దదిగ నున్నది. అనగా కణముల సొంత జన్యువులకును ఇందు పాలున్నది. ఎడమవైపు కేంద్రముగూడ మామూలు ఆడపిట్టలదానికంటె మగపోలిక కలిగియుండుటచే హార్మోను పాత్రయు తీసివేయరాదు. ఈ వాదముతో పనిలేని ఆ పిట్ట మాత్రము మగపిట్టవలె పాడి, ఆడపిట్టలను వలచినది.