కంపించేది భూమి... కూలేది గోడ!

2021 నవంబరు. చిత్తూరు జిల్లాలో వానలు దంచికొట్టాయి. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. ఆ కష్టం తీరకముందే పడమటి మండలాల్లో కొత్త భయం మొదలైంది. రామకుప్పం మండలంలోని పల్లెల్లో నేలలోంచి పెద్దపెద్ద శబ్దాలు... ఆ వెంటే కాళ్లకింద అదురు. జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు. అదే నెల 29న తెల్లవారుజామున వేలూరుకు పడమరగా 59 కిలోమీటర్ల దూరంలో 3.6 తీవ్రతతో భూమి కంపించింది. 2022 ఏప్రిల్‌ 3న అర్ధరాత్రి దాటాక తిరుపతికి ఈశాన్యంగా 85 కిలోమీటర్ల దూరంలో మరోటి. తీవ్రత అంతే.

కరవు సీమకు భూకంపాల బెడద కూడానా?

వానకీ అదురుకీ లంకె

ఈ ప్రాంతమంతా కోట్ల ఏళ్లనాటి గట్టి రాతి నేల. ఆ రాతిలోనూ పగుళ్లుంటాయి. కుండపోత వానలు కురిసినప్పుడు నీరు ఆ పగుళ్లలోకి దిగుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పటికే బిగుసుకుని ఉన్న రాళ్లు కాస్త జారతాయి. అదే మనకు చప్పుడుగా, అదురుగా తెలుస్తుంది. కేంద్రం లోతు తక్కువైతే చిన్న కదలికకే పెద్ద శబ్దం వస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోని బోరబండ వాసులనూ ఇలాంటి చప్పుళ్లే హడలెత్తించాయి.

ఇవి చిన్నవే. అలాగని రాతి నేల మీద పెద్దవి రావన్న భరోసా లేదు. 1967 మార్చి 27న ఒంగోలును 5.4 తీవ్రత, 1969 ఏప్రిల్‌ 13న భద్రాచలం ప్రాంతాన్ని 5.7 తీవ్రత కుదిపేశాయి.

కిల్లారి చెప్పిన పాఠం

మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి. 1993 సెప్టెంబరు 29న వినాయక నిమజ్జనం ముగించుకుని ఊరు పడుకుంది. తెల్లవారుజామున 3.56కు భూమి కంపించింది. తీవ్రత 6.2. రామకుప్పం జనాన్ని భయపెట్టిన నెలలోనే వచ్చిన 3.6 కంపనంతో పోలిస్తే విడుదలైన శక్తి దాదాపు 8 వేల రెట్లు! సుమారు 8 వేలమంది నిద్రలోనే, శిథిలాల కిందే ప్రాణాలు వదిలారు. విచిత్రం ఏమిటంటే, అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అతితక్కువ ప్రమాదమున్న జాబితాలో ఉంది.

మరి అంత ప్రాణనష్టం ఎందుకు? అక్కడి ఇళ్ల గోడలు రెండుమూడు అడుగుల మందం. రాయి మీద రాయి పేర్చి మట్టితో కట్టినవి. పైన దూలాల మీద అడుగు, రెండడుగుల మట్టి కప్పు. ఎండకు చల్లగా ఉండే ఆ ఇల్లే కదలిక వచ్చేసరికి సమాధి అయింది. గోడ లోపలి వరస, బయటి వరస విడిపోయాయి. కప్పు బరువంతా మనుషుల మీద పడింది.

మన మిద్దెల మాటేమిటి?

చదువుతుంటే మన ఊళ్లలోని పాత మట్టిమిద్దెలు గుర్తొస్తున్నాయా? రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ అలాంటివి ఉన్నాయి. వాటిని కూల్చేయనక్కర్లేదు. ఏటా మన్ను పోసి మందం పెంచిన కప్పు బరువు తగ్గించాలి. కొత్తగా రాతిగోడ కడితే అక్కడక్కడ గోడ మందమంతా పట్టే పొడవు రాళ్లు వేయించాలి. ద్వారబంధాల పైన ఇంటిచుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ పోయించాలి. పెట్టెకు ఇనుప పట్టీ బిగించినట్టు అది నాలుగు గోడల్నీ కలిపి ఉంచుతుంది. మొత్తం ఇంటి ఖర్చులో ఇది కొంతే.

భూమి అదిరినప్పుడు పక్కా ఇంట్లో ఉంటే గట్టి బల్ల కిందికి దూరి తల కాపాడుకోవాలి. మెట్ల మీదుగా పరుగెత్తకూడదు. మట్టిమిద్దెలో ఉండి, వాకిలి దగ్గరే ఉంటే బయటికి వచ్చేయడం మేలు. బయట గోడలకూ కరెంటు తీగలకూ దూరంగా నిలబడాలి.

భూకంపం ఫలానా రోజు వస్తుందని చెప్పగల శాస్త్రం ఇంకా పుట్టలేదు. ఇల్లు ఎలా కట్టుకోవాలో మాత్రం మేస్త్రీకి చెప్పడం మన చేతిలోనే ఉంది.