అవుతల ఏడుగురున్నరమ్మా

సురంగల్ ఊళ్లో రాత్రి ఎనిమిదిన్నర. కోడికూతకు ముందే లేవాల్సిన ఇల్లు కాబట్టి సగం లైట్లు అప్పటికే ఆరిపోయాయి. రొట్టె చల్లారిపోతోందని తల్లి మూడోసారి పిలిచింది. ఇంజనీరింగ్ చదివే కొడుకు చెవులకు హెడ్‌ఫోన్స్, కళ్లు ల్యాప్‌టాప్ మీద.

"ఆపి, తిన్నంక ఆడుకోరాదురా?"

"ఆగదమ్మా. అవుతల ఏడుగురున్నరు."

"ఎవరు వాళ్లు?"

దానికి జవాబు రాలేదు. వాడు ఆడుతున్నది ఫైనల్ ఫాంటసీ 14. ఎనిమిది మంది కలిసి ఒక రాక్షసుణ్ని పడగొట్టాలి. ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాళ్లు ఇద్దరు, గాయాలు మాన్పే హీలర్లు ఇద్దరు, కొట్టేవాళ్లు నలుగురు. మనవాడు హీలర్. వాడు రొట్టె కోసం లేచాడా, అవతల ఏడుగురి పని అయిపోయినట్టే. ఈ ఆటకు పాజ్ బటన్ లేదు.

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో కొన్ని పాతికేళ్లుగా ఎలా నడుస్తున్నాయి, కొన్ని నాలుగేళ్లకే ఎందుకు బోసిపోతున్నాయి? గ్రాఫిక్స్ అంటారు, కథ అంటారు, కొత్త మ్యాపులంటారు. ఆ తల్లి అడిగిన "ఎవరు వాళ్లు" అన్న ప్రశ్నలోనే అసలు సంగతి ఉందని నాకనిపిస్తుంది.

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఇప్పటికీ మూతపడలేదు. వాటి బొమ్మలు చూస్తే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. ఎవర్‌క్వెస్ట్‌లో అప్పట్లో ఒంటరిగా వెళ్తే చాలామందికి చావే గతి. హీలర్ దొరికేదాకా కూర్చోవాలి, కూర్చున్నంతసేపూ కబుర్లు చెప్పుకోవాలి. రాక్షసుల్ని మర్చిపోయినా ఆ కబుర్లు చెప్పినవాళ్లను మర్చిపోలేదు జనం.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కూడా మొదట్లో అంతే. ఊరి నడిబొడ్డున నిలబడి "హీలర్ కావాలి" అని కేకేయడం, దొరికినవాళ్లతో గుహదాకా నడవడం. దొరికిన కత్తి పట్టుకుని ఎవడైనా ఉడాయిస్తే ఆ సర్వరంతా వాడి పేరు మోగిపోయేది. ఊళ్లో ఉద్దెర ఎగ్గొట్టినవాడు మళ్లీ ఆ కిరాణం గడప తొక్కగలడా? 2009 డిసెంబరులో ఒక మీట వచ్చింది. నొక్కితే చాలు, వేరే సర్వర్ల నుంచి ముక్కూమొహం తెలియని నలుగురు వచ్చి చేరతారు. పని కాగానే ఎవరి దారి వాళ్లది, ఒక్క మాటైనా ఉండదు. హాయిగానే ఉంది. 2010 అక్టోబరుకు చందాదారులు కోటీ ఇరవై లక్షలు. ఆ తర్వాత మొత్తమ్మీద దిగుడే. 2015లో 55 లక్షలకు పడిపోయాక కంపెనీ లెక్కలు చెప్పడమే మానేసింది.

నేరమంతా ఆ మీటదే అనను. ఉచిత ఆటలొచ్చాయి, ఫోన్లొచ్చాయి, ఆడినవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి. కానీ 2019 ఆగస్టులో అదే కంపెనీ ఆ మీట లేని పాత ఆటను 'క్లాసిక్' పేరుతో మళ్లీ తెరిస్తే, లోపలికి వెళ్లడానికి జనం గంటల తరబడి క్యూ కట్టారు.

స్టార్ వార్స్ గెలాక్సీస్‌ది మరీ అన్యాయం. 2003లో వచ్చిన ఆ ఆటలో యుద్ధం చేయకుండా దర్జీగా, వంటవాడిగా, పాటగాడిగా బతకొచ్చు. 2005 నవంబరులో ఒక్క అప్‌డేట్‌తో ముప్పైకి పైగా ఉన్న వృత్తుల్ని తొమ్మిదికి కుదించారు. ఇరవై ఏళ్లు మగ్గం నేసినవాణ్ని పిలిచి, రేపట్నుంచి మగ్గం లేదు, తుపాకీ పట్టమన్నట్టు. వెళ్లినవాళ్లు వెళ్లారు. 2011 డిసెంబరులో సర్వర్లు ఆపేశారు.

రూన్‌స్కేప్ వాళ్లు మాత్రం తప్పు దిద్దుకున్నారు. 2012 చివర్లో యుద్ధం పద్ధతి మార్చి జనాన్ని పోగొట్టుకుని, 2013 ఫిబ్రవరిలో పాత ఆట మళ్లీ కావాలా అని ఓటింగు పెట్టారు. 2007 నాటి బ్యాకప్ ఒకటి దాచి ఉంటే దాన్ని బయటికి తీసి మళ్లీ నడిపించారు. అందులో కొత్త అంశం ఏది చేర్చాలన్నా ఓటేసిన ఆటగాళ్లలో నూటికి 75 మంది సరేననాల్సి ఉండేది. 2022లో దాన్ని 70కి తగ్గించారు. మన గ్రామసభలు కూడా ఇంత పట్టుదలగా జరగవు. 2018లో అది ఫోన్‌కూ వచ్చింది, పాత ఖాతాతోనే.

సురంగల్ కుర్రాడి ఆట కూడా ఒకసారి చచ్చి బతికిందే. 2010లో విడుదలైనప్పుడు అభాసుపాలైంది. కంపెనీ క్షమాపణ చెప్పి, నవోకి యోషిదా అనే కొత్త దర్శకుడికి పగ్గాలిచ్చింది. 2012 నవంబరులో ఆటలోని చందమామల్లో ఒకదాన్ని ఆ లోకం మీదే పడేసి సర్వర్లు మూశారు. 2013 ఆగస్టులో కొత్తగా తెరిచినప్పుడు ఆ ప్రళయాన్నే కథలో చరిత్రగా పెట్టారు. పాతవాళ్లు పడ్డ కష్టాన్ని చెరిపేయలేదన్నమాట.

మన దేశంలో ఈ ఆటలు ఎందుకు వేళ్లూనలేదు? 2000ల మధ్యలో రాగ్నరాక్‌ను లెవెల్ అప్ అనే కంపెనీ, ఏత్రీ అనే ఆటను సిఫీ ఇక్కడికి తెచ్చాయి. రెండూ నిలవలేదు. హైదరాబాద్‌లో అప్పుడు నెట్ సెంటర్‌కు గంటకు పదిహేనో ఇరవయ్యో. వార్‌క్రాఫ్ట్ చందా నెలకు 15 డాలర్లు, అంటే అప్పటి లెక్కన ఆరేడు వందలు, అదీ విదేశీ చెల్లింపులకు పనికొచ్చే కార్డు ఉంటేనే. గంటల లెక్కన అద్దెకు తీసుకున్న కుర్చీలో కూర్చుని హీలర్ కోసం ఎవడు ఎదురుచూస్తాడు? అరగంటలో తేలిపోయే తుపాకుల ఆటలే మనకు అచ్చొచ్చాయి. ఇప్పటికీ ఫైనల్ ఫాంటసీకి ఇండియాలో సర్వర్ లేదు. సురంగల్‌లో కీ నొక్కితే ఆ సిగ్నల్ యూరప్‌కో జపాన్‌కో వెళ్లి రావాలి. వానకు కరెంటు పోయిందా, మిగిలిన ఏడుగురి పనీ అంతే.

ఆ రాత్రి తొమ్మిదింటికి రాక్షసుడు పడ్డాడు. కొడుకొచ్చి చల్లారిన రొట్టె తిన్నాడు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ ఆటలాడే పిల్లవాణ్ని మధ్యలో లేపకండి, కూర్చోబోయే ముందే ఎన్నింటికి లేస్తాడో అడిగి ఒప్పించండి. తొమ్మిదంటే తొమ్మిదే. అవతలి ఏడుగురికీ ఆ సంగతి వాణ్నే ముందుగా చెప్పమనండి.