‘టక్’మంటే నొప్పి పోయినట్లేనా?

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకోవడం మన ఇళ్లలో ఎరిగిన సంగతే. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి, ‘కైరోప్రాక్టిక్ చేయించుకుంటే చాలు, ఏళ్లనాటి నొప్పి ఎగిరిపోతుంది’ అనుకునేవారు ఎక్కువయ్యారు.

రాజేంద్రనగర్‌లో మా పక్కింటి వదినగారూ అంతే. మంచినీళ్ల క్యాన్ ఎత్తబోతే నడుం పట్టేసింది. నెల రోజులు బామ్ రాసుకుని నెట్టుకొచ్చారు. చివరికి ‘‘వెన్ను విరుస్తారట, తోడొస్తావా?’’ అన్నారు.

ఇంతకీ ఏమిటీ వైద్యం? 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టారు. వెన్నుపూసల కీళ్లను చేతులతో ఒత్తి సరిచేసే పద్ధతి ఇది. విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టు లాంటిది కాదు. దీని మీద అపోహలూ చాలానే ఉన్నాయి.

‘టక్’మంటే ఎముక చోటికి వచ్చినట్లే: కాదు. కీలులోని ద్రవంలో గాలిబుడగ ఏర్పడినప్పుడు వచ్చే చప్పుడది. వేళ్లు మెటికలు విరిచినా అదే కదా!

అన్ని రోగాలూ పోతాయి: నడుంనొప్పికి కొందరికి ఉపశమనం ఉంటుంది. వ్యాయామంతోనూ దాదాపు అంతే మేలు. షుగరు, ఉబ్బసం తగ్గుతాయనడానికి సరైన ఆధారాల్లేవు.

చేత్తో చేసేదే, ప్రమాదమేముంది: మెడను విసురుగా తిప్పితే, అరుదుగానైనా, మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. మంగలి షాపులో మెడ విరుపుకీ ఇదే వర్తిస్తుంది. ముట్లుడిగాక ఎముకలు గుల్లబారినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

బోర్డు ఉంటే చదువు ఉన్నట్లే: అమెరికాలో దీనికి ప్రత్యేక చదువు, లైసెన్సు ఉండాలి. మీ వెన్ను మీద చెయ్యి వేసేవారు ఎక్కడ, ఏం చదివారో అడగండి. మొహమాటపడకండి.

వదినగారిని గుచ్చిగుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. ‘‘కుడికాలు మొద్దుబారుతోందమ్మా. చెబితే ఆపరేషన్ అంటారేమోనని...’’ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. నరం నొక్కుకుపోతోందన్నారు. ఆపరేషన్ అక్కర్లేకుండా మందులు, ఫిజియోథెరపీతోనే కుదుటపడ్డారు. ఇప్పుడు క్యాన్ ఎత్తే పని వాళ్లబ్బాయిది.

మామూలు నడుంనొప్పి చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుతుంది. కాలు మొద్దుబారినా, బలం తగ్గినా డాక్టరుకు చూపించుకోండి. మలమూత్రాల మీద అదుపు తప్పితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. ఇంటిల్లిపాది నొప్పులూ కనిపెట్టే మనం, మన నొప్పి మాత్రం దాచుకుంటాం. ముందు ఆ అలవాటు మానుకుందాం!